షుగర్‌ కాలికి ఆపరేషన్‌.. కొల్లాజెన్‌ డ్రెస్సింగ్‌ కొనాల్సిందేనా?

మధుమేహంతో కాలికి పుండు పడి, కుళ్లిన భాగాన్నో వేలినో తీసేశాక కొందరికి మందుల చీటీలో ‘కొల్లాజెన్‌ డ్రెస్సింగ్‌’ అని రాస్తారు. అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఆసుపత్రులకు, మందుల షాపులకు కొదవ లేదు కాబట్టి కొనడం తేలికే. కానీ మామూలు గాజుగుడ్డ కంటే ఇది ఖరీదు. మరి పుండు మానేది దీనివల్లేనా?

కొల్లాజెన్‌ ఏం చేస్తుంది?

చర్మానికి బలాన్నిచ్చే ప్రొటీన్‌ ఇది. గాయం మానేటప్పుడు కొత్త కణాలు పందిరికి తీగలా దీన్ని పట్టుకుని అల్లుకుంటాయి. షుగర్‌ ఉన్నవారి మొండి పుండ్లలో ప్రొటీన్లను కరిగించే ఎంజైములు ఎక్కువగా ఉంటాయి. దాంతో కొత్తగా ఏర్పడిన కొల్లాజెన్‌ నిలవదు. బయటి నుంచి కొల్లాజెన్‌ పెడితే ఎంజైములు దాన్ని కరిగించే పనిలో పడతాయని, శరీరం తయారు చేసుకున్నది మిగులుతుందని దీని వెనకున్న ఆలోచన.

షీట్‌, పొడి, జెల్‌ రూపాల్లో దొరుకుతుంది. పశువులు, పందులు, చేపల నుంచి తీస్తారు. అలర్జీ గానీ, ఆచారపరమైన అభ్యంతరం గానీ ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి.

నిపుణులు ఏమంటున్నారు?

మధుమేహ పాద సమస్యలపై మార్గదర్శకాలు ఇచ్చే అంతర్జాతీయ నిపుణుల బృందం ఐడబ్ల్యూజీడీఎఫ్‌, పుండు మానడం కోసమని కొల్లాజెన్‌ డ్రెస్సింగ్‌ వాడొద్దని 2023లో సూచించింది. మేలు చేస్తుందనేందుకు గట్టి ఆధారాలు లేకపోవడమే కారణం. ఆపరేషన్‌ తర్వాతి గాయాలకైతే చెడు నీటిని లాగేసే వ్యాక్యూమ్‌ పద్ధతిని పరిశీలించవచ్చని చెప్పింది. అయినా కొన్ని గాయాలకు సర్జన్లు కొల్లాజెన్‌ను ఎంచుకుంటారు. అలాంటప్పుడు ‘నా గాయానికి ఇదే ఎందుకు?’ అని అడగడంలో తప్పు లేదు.

ముందు చూడాల్సినవి నాలుగు

రక్తప్రసరణ: పాదానికి రక్తం సరిగా అందకపోతే ఏ పట్టీ వేసినా పుండు మానదు. చేతిలో, చీలమండలో బీపీని పోల్చే ఏబీఐ, డాప్లర్‌ పరీక్షలు చేయించారా?

ఇన్‌ఫెక్షన్‌: చీము, కుళ్లిన కండ పూర్తిగా తొలగించారా? అవి ఉండగా పైన కొల్లాజెన్‌ కప్పకూడదు.

ఒత్తిడి: స్పర్శ లేని పాదంతో నడిస్తే గాయం మళ్లీ తెరుచుకుంటుంది. బరువు పడకుండా ప్రత్యేక చెప్పులో, కట్టో ఇచ్చారా?

షుగర్‌: అదుపులో ఉందా? బస్తీ దవాఖానాల్లో షుగర్‌ పరీక్ష ఉచితం.

ఈ నాలుగూ సరిగా ఉంటేనే డ్రెస్సింగ్‌ గురించి ఆలోచించాలి. కొల్లాజెన్‌ వీటికి తోడు మాత్రమే, బదులు కాదు.

ఖర్చు తగ్గేదెలా?

పంజాగుట్టలోని నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. ఆరోగ్యశ్రీ సేవలూ అందుతాయి. తెలంగాణలో ఈ పథకం పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏటా రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెంచారు. మీ ఆపరేషన్‌ ప్యాకేజీలో డ్రెస్సింగులు కలిసి ఉన్నాయా, విడిగా కొనాలా అన్నది చేరే ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ఆలస్యం వద్దు

పాదం ఎర్రబడినా, వేడెక్కినా, దుర్వాసన వచ్చినా, వేళ్లు నల్లబడినా, జ్వరం వచ్చినా తర్వాతి డ్రెస్సింగ్‌ తేదీ దాకా ఆగొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. షుగర్‌ వల్ల నరాలు మొద్దుబారితే కాలు కుళ్లుతున్నా నొప్పి తెలియకపోవచ్చు.