వల్లూరి అంటే ఏ వల్లూరు?

అటెండెన్స్ లిస్టులో నా పేరు ముందు ఒక 'వి' ఉంటుంది. విప్పితే వల్లూరి. టెన్త్ మెమోలో అది పేరుకి ముందు వస్తుంది, బ్యాంకు ఫారంలో లాస్ట్ నేమ్ అవుతుంది, పాస్‌పోర్ట్ దగ్గరికొచ్చేసరికి తలనొప్పి అవుతుంది. హాస్టల్లో మాత్రం దానికి ఇంకో ఉద్యోగం ఉంది. కొత్తగా పరిచయమైనవాళ్ళు "ఫుల్ నేమ్ ఏంటి?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వెనకాల ఉన్న అసలు ప్రశ్న ఏంటో మనందరికీ తెలుసు.

పోయిన ఏడాది అమెరికాలో ఉండే మా బాబాయి ఒక డీఎన్‌ఏ కిట్ కొని, ట్యూబులో ఉమ్మి నింపి పంపించాడు. రిజల్ట్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే నాన్న అడిగిన మొదటి మాట: "అయితే మనది ఏ వల్లూరో తేలిందా?" తేలలేదు. దక్షిణ భారతం అని ఒక రంగు పూసిన మ్యాపు, దూరపు బంధువులంటూ ఒక పెద్ద లిస్టు వచ్చాయి. ఆ లిస్టులో ఒక్క వల్లూరి కూడా లేదు. ఎందుకు తేలలేదు, తేలాలంటే ఏం చేయాలి అని నేను ఒక సెమిస్టర్ పాటు వెతికాను. దొరికింది మీకూ పనికొస్తుందని రాస్తున్నా.

ఇంటిపేరు ఒక పాత అడ్రస్

తెలుగు ఇంటిపేర్లలో చాలావాటికి మూలం ఊరు. ఊరి పేరు ఇంటిపేరయ్యేటప్పుడు చివర కొంచెం మారుతుంది. వల్లూరు వల్లూరి అవుతుంది, కందుకూరు కందుకూరి అవుతుంది, గుడిపాడు గుడిపాటి అవుతుంది. ఊరి చెరువు, ఏటి ఒడ్డు, ఇంటి తలుపు అన్నప్పుడు జరిగే మార్పే ఇది. వ్యాకరణంలో దీన్ని ఔపవిభక్తికం అంటారు. అంటే 'వల్లూరి' అనేది సగం మాట. 'వల్లూరి వాళ్ళు' అనేది పూర్తి మాట. 'ఇంటిపేరు' అనే మాట కూడా ఇలా పుట్టిందే: ఇల్లు, ఇంటి, ఇంటిపేరు.

ఇక్కడ ఒక చిన్న లాజిక్ ఉంది. వల్లూరులో ఉన్నంతకాలం ఎవరూ మనల్ని వల్లూరి వాళ్ళు అనరు, అక్కడ అందరూ వల్లూరి వాళ్ళే కదా! ఊరు వదిలి ఇంకోచోటికి వెళ్ళాక, అక్కడివాళ్ళు మనల్ని గుర్తుపట్టడానికి పెట్టుకున్న పేరు అది. కాబట్టి ఊరి పేరుతో ఉన్న ఇంటిపేరు ఎక్కువగా ఒక వలసని చెబుతుంది. విజయనగరంలో బతికిన గురజాడ అప్పారావు ఇంటిపేరులో ఉన్న గురజాడ గ్రామం కృష్ణా జిల్లాలో ఉంది.

అన్నీ ఊళ్ళే కావు. గుర్రం, ఏనుగుల, పులి, చింతల, మిరియాల, బండి, కత్తి... జంతువులు, చెట్లు, సరుకులు, పనిముట్లు అన్నీ ఇంటిపేర్లయ్యాయి. ఈ అలవాటు కొత్తదీ కాదు. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి వంశం పేరు 1213 నాటి శాసనంలో ఉంది. అంటే 800 ఏళ్ళ కిందటే మనిషి పేరు ముందు వంశం పేరు నడుస్తోంది.

ఒకే పేరు, ఎన్నో ఇళ్ళు

సీఎస్ వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇంటిపేరు ప్రైమరీ కీ కాదు. కావలసినన్ని డూప్లికేట్లు ఉంటాయి. కందుకూరు ఒంగోలు వైపు ఒకటుంది, హైదరాబాద్ పక్కన రంగారెడ్డి జిల్లాలో ఇంకోటుంది. వల్లూరు అయితే కడప జిల్లాలో మండలమే ఉంది, ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గర ఒక ఊరుంది, కృష్ణా జిల్లాలో తోట్లవల్లూరు ఉంది. ఏ వల్లూరు నుంచి బయల్దేరినా ఇంటిపేరు మాత్రం వల్లూరే.

ఇంకో సంగతి. ఒక ఊరి నుంచి ఒక్క కులం వాళ్ళే వలస వెళ్ళరు. అందుకే చాలా ఇంటిపేర్లు నాలుగైదు కులాల్లో కనిపిస్తాయి. ఇంటిపేరు వినగానే కులం కనిపెట్టేశాం అనుకునేవాళ్ళు చేసేది ఊహే, ఆ ఊహ మీద ఎవరితో కలిసి టిఫిన్‌కి వెళ్ళాలో నిర్ణయించుకుంటారు, అదే బాధ.

డీఎన్‌ఏ చూసేది ఏంటి?

ఇప్పుడు కిట్ సంగతికి వద్దాం. డీఎన్‌ఏ పరీక్షలు మూడు రకాలు.

మొదటిది వై క్రోమోజోమ్ పరీక్ష. ఇది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్తుంది, దాదాపు మారకుండా. ఇంటిపేరు వెళ్ళే దారి కూడా అదే. ఈ క్రోమోజోమ్‌లో కొన్నిచోట్ల చిన్న అక్షరాల గుంపు వరసగా రిపీట్ అవుతుంది. ఎన్నిసార్లు రిపీట్ అయిందో 37 చోట్లో 111 చోట్లో లెక్కపెట్టి, ఇద్దరు మగవాళ్ళ లెక్కల్ని పోల్చి చూస్తారు. అంకెలు దగ్గరగా ఉంటే మూలపురుషుడు దగ్గరి కాలంవాడు, తేడాలు పెరిగేకొద్దీ దూరం.

రెండోది మైటోకాండ్రియా పరీక్ష. తల్లి నుంచి పిల్లలందరికీ వస్తుంది, కానీ ముందుకు పంపేది కూతుళ్ళు మాత్రమే. చిన్న ఫైలు, 16,569 అక్షరాలు అంతే.

మూడోది మిగతా క్రోమోజోముల పరీక్ష. ఇవి అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వస్తాయి. ప్రతి తరంలో కలిపి పేకముక్కల్లా కొత్తగా పంచుతారు. బాబాయి చేయించుకున్నది ఇదే. పది తరాలు వెనక్కి వెళ్తే ఆ తరంలో మనకి 1,024 స్థానాలుంటాయి. వాటిలో ఇంటిపేరు ఇచ్చినాయన ఒక్కడు. బాబాయి లిస్టులోని దూరపు బంధువులు మిగతా 1,023 మందిలో ఎవరి వైపు వాళ్ళైనా కావచ్చు. పైగా దూరం పెరిగాక నిజమైన బంధువుతో కూడా ఒక్క ముక్క కలవకపోవచ్చు. అందుకే నాన్న ప్రశ్నకి ఆ రిజల్ట్ జవాబు చెప్పలేదు.

వై పరీక్షైతే చెబుతుందా? కొంత. 2000లో బ్రయాన్ సైక్స్ అనే ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త తన ఇంటిపేరే ఉన్న 48 మంది సైక్స్‌ల వై క్రోమోజోములు పోల్చి చూశాడు. దాదాపు సగం మందివి ఒకేలా ఉన్నాయి. అంటే ఆ సగం మందికి ఇంటిపేరు, వై రెండూ ఒకే మూలపురుషుడి నుంచి వచ్చాయి. మిగతా సగం దగ్గర పేరు అలాగే ఉంది, వై మారింది.

ఇక నా సంగతి. అమ్మాయిని కాబట్టి నాకు వై క్రోమోజోమే లేదు. నా ఇంటిపేరు గురించి నా ఒంట్లో వెతకడానికి ఏమీ లేదన్నమాట. నాన్నో, బాబాయో, అన్నయ్యో ఉమ్మి ఇవ్వాలి.

పేరు ఒక దారి, డీఎన్‌ఏ ఒక దారి

పేరు, వై విడిపోవడం మనకి కొత్తేం కాదు. మన క్లబ్ వాళ్ళందరికీ తెలిసిన ఇద్దర్ని తీసుకోండి. చలం పుట్టింది కొమ్మూరి వారింట్లో. అమ్మ వైపు తాత దత్తత తీసుకోవడంతో గుడిపాటి వెంకటచలం అయ్యాడు. శ్రీశ్రీ పుట్టింది పూడిపెద్ది వారింట్లో. దత్తత వెళ్ళి శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యాడు. పేరు దత్తత కాగితంతో మారింది, క్రోమోజోమ్ మారదు కదా. కొడుకులు లేని ఇళ్ళల్లో కూతురి కొడుకుని పెంచుకోవడం మన దగ్గర ఎంత మామూలో ఇంట్లో అడగండి. ప్రతి దత్తత దగ్గరా ఈ రెండు దారులు విడిపోతాయి.

రాజుల ఇంట్లోనూ అంతే. 1485లో యుద్ధంలో చనిపోయిన ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ అస్థిపంజరం 2012లో లెస్టర్‌లో ఒక కార్ పార్కింగ్ కింద దొరికింది. 2014లో పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఆయన అక్క నుంచి తల్లి వరసలో దిగొచ్చిన ఇద్దరి మైటోకాండ్రియా ఆయనతో కలిసింది. వంశవృక్షం ప్రకారం అదే మగ వరసకి చెందిన ఐదుగురి వై మాత్రం ఆయనతో కలవలేదు. ఆ ఐదుగురిలో కూడా నలుగురివే ఒకదానితో ఒకటి కలిశాయి. కాగితం మీద గట్టిగా రాసిపెట్టుకున్న మగ వరస మధ్యలో తెగిపోయింది. ఎవరూ పట్టించుకోని అక్కచెల్లెళ్ళ వరస 500 ఏళ్ళు నిలబడి రాజుని గుర్తుపట్టింది.

మన దగ్గర ఇంకో చిక్కు

ఫ్యామిలీ ట్రీ అంటాం గానీ మనది నిజంగా ట్రీ కాదు, గ్రాఫ్. మేనరికాలు, అక్క కూతుర్ని చేసుకోవడాలు ఉన్నచోట ఒకే మనిషి రెండు మూడు స్థానాల్లో కూర్చుంటాడు. అప్పుడు దూరపు చుట్టం కూడా డీఎన్‌ఏలో దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు. ఈ కంపెనీల డేటాబేసుల్లో యూరప్ మూలాలవాళ్ళే ఎక్కువ కాబట్టి, మనకి పోల్చుకోవడానికి మనుషులు తక్కువ.

ఒకే గుంపులో పెళ్ళిళ్ళు చేసుకోవడం ఆరోగ్యానికీ సంబంధించిన విషయమే. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న 2017 నాటి పరిశోధనలో దక్షిణాసియాలోని 263 సమూహాల్ని చూస్తే, 81 సమూహాలు చాలా కొద్దిమంది మూలపురుషుల నుంచి పెరిగినవని తేలింది. అలాంటి చోట అరుదైన జన్యులోపాలు ఎక్కువగా కనిపిస్తాయి. వైశ్యుల్లో కొందరికి, మత్తు ఇచ్చేటప్పుడు వాడే ఒక రకం కండరాల సడలింపు మందు త్వరగా దిగదు. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ లోపించడమే కారణం. ఆపరేషన్‌కి ముందు డాక్టర్‌కి తెలిస్తే ప్రాణం కాపాడే సమాచారం ఇది.

అదే సంస్థ వాళ్ళు పాల్గొన్న 2013 పరిశోధన ఇంకో మాట చెప్పింది. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి మధ్య ఇక్కడి జనం బాగా కలిసిపోయారు, గోడలు తర్వాత లేచాయి. హాస్టల్లో ఇంటిపేరు ఆరా తీసేవాళ్ళకి ఈ పేపర్ చదివి వినిపించాలని ఉంది.

మరి ఎక్కడ వెతకాలి?

ఏ వల్లూరో తేల్చేది ఎక్కువగా కాగితాలు, మనుషులు. నాకు పనికొచ్చిన వరస చెబుతా.

ముందు ఇంట్లో పెద్దవాళ్ళు. పేర్లు అడిగితే మూడు తరాల దగ్గర ఆగిపోతారు. అందుకే ఇలవేల్పు ఎవరు, పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయించేవాళ్ళు, పాత పెళ్ళి సంబంధాలు ఏ వైపు నుంచి వచ్చేవి అని అడగాలి. వలస వెళ్ళినా మొక్కులు పాత ఊరికే వెళ్తాయి. మాది గుంటూరు జిల్లా. నానమ్మకి ఊరి పేర్లు గుర్తులేవు గానీ, "మా అత్తగారు మొక్కులకి ఒంగోలు వైపు పోయేవాళ్ళమని చెప్పేది" అంది. ఆ ఒక్క మాటతో కడప, కృష్ణా పక్కకి జరిగాయి, టంగుటూరు దగ్గరి వల్లూరు ముందుకొచ్చింది.

తర్వాత భూమి కాగితాలు. ఆంధ్రలో అడంగల్, ఆర్‌ఎస్‌ఆర్, దాన్నే డైగ్లాట్ అని కూడా అంటారు. తెలంగాణలో సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ. పట్టాదారు పేరు పక్కన తండ్రి పేరు ఉంటుంది కాబట్టి ఒక్కో కాగితానికి ఒక్కో తరం దొరుకుతుంది. చిన్నతాతయ్య ట్రంకుపెట్టెలోని నకలులో మా ముత్తాత తండ్రి పేరు దొరికింది.

ఊరి చరిత్ర కావాలంటే కైఫీయతులు. 1800ల మొదట్లో కల్నల్ కాలిన్ మెకంజీ తన మనుషుల్ని పంపి ఊరూరా రాయించిన వివరాలు ఇవి. కాశీ, గయ, హరిద్వార్‌లలో పండాల దగ్గర యాత్రికుల చిట్టాలుంటాయి. మన దగ్గరే వంశాల పేర్లు, గోత్రాలు నోటితో చెప్పడం వృత్తిగా బతికినవాళ్ళున్నారు. ఒకప్పుడు పిచ్చుకుంట్లవారు అన్నారు, ఇప్పుడు ప్రభుత్వ రికార్డుల్లో వంశరాజ్ అంటారు. వాళ్ళ పెద్దవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు, వాళ్ళతోపాటే ఆ డేటాబేస్ కూడా. దానికి బ్యాకప్ లేదు.

డీఎన్‌ఏ నిజంగా ఆదుకునేది కాగితం తెగిపోయినవాళ్ళని. కూలి ఒప్పందాల మీద మారిషస్, ఫిజీ, దక్షిణాఫ్రికా వెళ్ళిన తెలుగువాళ్ళ ఓడ కాగితాల్లో పేరు, తండ్రి పేరు, ఊరు రాశారు. ఇంటిపేర్లు పోయాయి, మనిషి పేర్లే వాటి స్థానంలోకి వచ్చాయి. మారిషస్‌లో పుట్టి ఫ్రెంచిలో రాసే నతాషా అప్పానా పేరు చూడండి, మన అప్పన్నే. అలాంటివాళ్ళకి ఇక్కడ ఒక్క మ్యాచ్ దొరికినా పెద్ద సంగతే.

కిట్ కొనేముందు

మీ ఉమ్మి మీ ఒక్కరిదే కాదు. 2018లో కాలిఫోర్నియా పోలీసులు దశాబ్దాల పాత హంతకుణ్ణి పట్టుకున్నది, ఒక వంశవృక్షాల వెబ్‌సైట్‌లో అతని దూరపు బంధువుల డీఎన్‌ఏ ఉండటం వల్ల. అతను అక్కడ ఏమీ అప్‌లోడ్ చేయలేదు. 23అండ్‌మీ అనే పెద్ద కంపెనీలో 2023లో దాదాపు 69 లక్షల మంది సమాచారం బయటికి పోయింది, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, డీఎన్‌ఏని మార్చుకోలేం. అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్ళని అడిగి చేయించుకోవడం మర్యాద. ఇంట్లో ఎవరూ చెప్పని దత్తతలాంటి సంగతి బయటపడితే ఏం చేస్తారో కూడా ముందే ఆలోచించుకోండి.

మా వెతుకులాటలో నన్ను ఎక్కువగా ఆపేసింది నానమ్మే. ఆవిడ పుట్టింటి పేరు మా ఇంట్లో ఏ కాగితంలోనూ లేదు. ఆవిడ మైటోకాండ్రియా నాన్న దాకా వచ్చి ఆగిపోయింది, నాకు రాలేదు. అత్తయ్యకి వచ్చింది, అత్తయ్య కూతుళ్ళ ద్వారా ముందుకు వెళ్తుంది. అంటే నానమ్మ వరసని మోస్తున్నవాళ్ళ ఇంటిపేరు వల్లూరి కాదు. అందుకే నా చార్టులో ప్రతి ఆడమనిషి పక్కన పుట్టింటి పేరు కోసం ఒక గడి పెట్టాను. ఇప్పటికి 11 గడులు నిండాయి. నానమ్మ వాళ్ళమ్మది, వాళ్ళ అమ్మమ్మది కూడా అందులో ఉన్నాయి. అవి నానమ్మకి తప్ప ఇంకెవరికీ తెలియవు.

ఈసారి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి అమ్మమ్మనో నానమ్మనో ఒక అరగంట కూర్చోబెట్టండి. మొదటి ప్రశ్న: "నీ పుట్టింటి పేరేంటి, మీ అమ్మ పుట్టింటి పేరేంటి?" దొరికినవి క్లబ్‌కి పంపండి. మన కాలేజీ ఇంటిపేర్ల మ్యాపు ఒకటి వేద్దాం. కోడ్ నేను రాస్తా.