ఢిల్లీకీ మన వంటింటికీ ఉన్న లెక్క

"ఈ ప్రభుత్వం ఏం చేస్తోందండీ?" అన్న మాట మనం రోజుకోసారైనా అంటాం. కుళాయి రాకపోయినా ప్రభుత్వమే, పప్పు ధర పెరిగినా ప్రభుత్వమే, రైలు ఆలస్యమైనా ప్రభుత్వమే! మరి ఆ ప్రభుత్వం మనకేం బాకీ ఉందో, మనం దానికేం బాకీ ఉన్నామో ఎప్పుడైనా కూర్చుని లెక్క వేసుకున్నామా? పాల లెక్క, చిట్టీ లెక్క, కిరాణాకొట్టు లెక్క పైసాతో సహా చూసుకుంటాం. ఈ లెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం "రాజకీయాలు మనకెందుకులే" అని తేల్చేస్తాం.

కానీ ఈ లెక్క రాసిన వాళ్ళలో మన ఆడవాళ్ళూ ఉన్నారు. రాజ్యాంగ సభలో పదిహేనుమంది మహిళలు కూర్చున్నారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి వాళ్ళలో ఒకరు. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఆవిడకి పద్నాలుగేళ్ళు. ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబెట్టి, టిక్కెట్టు లేనివాళ్ళని లోపలికి పంపవద్దని చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వస్తే టిక్కెట్టేదని ఆపేసింది! నిర్వాహకులు కోప్పడినా, మీరు చెప్పినట్టే చేశానంది. చివరికి వాళ్ళు టిక్కెట్టు కొనిచ్చాకే ఆయన లోపలికి వెళ్ళారు. ఆ పిల్లని మెచ్చుకున్నారు కూడా. నా మటుకు నాకు మంచి పౌరురాలంటే ఎవరని అడిగితే ముందు ఈ సంగతే గుర్తొస్తుంది. పెద్దవాళ్ళకో నియమం, చిన్నవాళ్ళకో నియమం ఉండకూడదని ఆ వయసులోనే ఆవిడకి తెలిసింది.

ప్రభుత్వం మనకున్న బాకీ

1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగంలో నాలుగో భాగాన్ని ఆదేశిక సూత్రాలంటారు. ప్రభుత్వం ఏం చేయాలో అందులో ఉంది. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ సమాన పనికి సమాన వేతనం, ప్రసూతి సదుపాయం, ఆరేళ్ళ లోపు పిల్లల సంరక్షణ, ప్రజలకు పౌష్టికాహారం, ఆరోగ్యం... చూడండి, అన్నీ మన ఇంటి సంగతులే!

వీటిని అమలు చేయలేదని నేరుగా కోర్టుకెళ్ళే వీలు లేదు. అయినా పరిపాలనకు ఇవే మూలమని 37వ అధికరణం చెబుతోంది. కాలం గడిచిన కొద్దీ వీటిలో కొన్ని చట్టాలయ్యాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు ఉచిత చదువు హక్కుగా అమలవుతోంది. ఉద్యోగినుల ప్రసూతి సెలవు 2017లో 26 వారాలకు పెరిగింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. దాని ప్రకారం అర్హత ఉన్న కుటుంబంలో మనిషికి నెలకి అయిదు కిలోల ధాన్యం, అంత్యోదయ కార్డుంటే ఇంటికి 35 కిలోలు ఇవ్వాలి. రేషన్ కార్డులో ఇంటి పెద్దగా రాయాల్సింది ఆ ఇంట్లోని పెద్ద వయసు స్త్రీ పేరే. మీ కార్డులో ఎవరి పేరుందో ఒకసారి చూసుకోండి.

ఇంకో సంగతి. ఎవరిని ఏం అడగాలో తెలియక మనం సగం పని పాడుచేసుకుంటాం. రైళ్ళు, తపాలా, కరెన్సీ, దేశ రక్షణ కేంద్రం పని. పోలీసు, ఆసుపత్రులు ప్రధానంగా రాష్ట్రం పని. వీధి దీపం, మురుగు కాలువ, చెత్తబండి మునిసిపాలిటీది లేదా పంచాయతీది. కొన్ని పనుల్లో అందరి చేయీ ఉంటుంది. రేషన్ బియ్యం అలాంటిదే. చట్టం, ధాన్యం కేంద్రానివి. కార్డు ఇవ్వడం, షాపు నడపడం రాష్ట్రం పని.

వేలి గీతలు అరిగిపోతే?

మా వీధి చివర ఇడ్లీలు వేసి అమ్మే పెద్దావిడ ఉంది. మనవడితో ఒక్క గదిలో ఉంటుంది. ఏళ్ళ తరబడి పిండి రుబ్బి, గిన్నెలు తోమి ఆవిడ వేలి గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపులో మిషన్ మీద పది వేళ్ళూ పెట్టినా పడలేదట. వరసగా రెండు నెలలు ఉత్త సంచీతో తిరిగొచ్చింది. "నా వేళ్ళే నావి కాకుండా పోయాయమ్మా, ఇంకెవర్ననుకోను?" అంటూ నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

వేలిముద్ర పడలేదన్న కారణంతో అర్హులకు తిండిగింజలు ఆపవద్దని 2017లో కేంద్రమే రాష్ట్రాలకు రాసింది. కంటిపాప గుర్తుతోనో, ఫోనుకొచ్చే నంబరుతోనో, ఏదో ఒక మార్గంలో ఇవ్వాల్సిందే. మేం ముగ్గురు ఆడవాళ్ళం ఆవిడని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాం. "సర్వర్ పనిచేయట్లేదు, వచ్చే నెల రండమ్మా" అన్నారు. "సరేనండీ, ఆ మాటే కాగితం మీద రాసివ్వండి" అన్నాం. అంతే, కుర్చీలో మనిషి కాస్త సర్దుకుని కూర్చున్నాడు! మేం రాసుకెళ్ళిన అర్జీ తీసుకుని, రెండో ప్రతి మీద తేదీ వేసి, ముద్ర కొట్టి ఇచ్చాడు. మరుసటి నెల కంటిపాప గుర్తుతో బియ్యం ఇచ్చారు.

అక్కడితో వదల్లేదు. ఇలా ఎంతమందికి ఆగాయో చెప్పమని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. ఈ చట్టం వచ్చింది 2005లో. పది రూపాయలకు మించని ఫీజుతో ఎవరైనా అడగొచ్చు. దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్ళకి ఆ ఫీజు కూడా లేదు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి, లేకపోతే అదే శాఖలో పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. జవాబొచ్చింది. ఆగింది ఈ పెద్దావిడ ఒక్కదానికే కాదని తేలింది. ఆగిపోయిన ఆ రెండు నెలల బియ్యం మాత్రం ఇంకా రాలేదు. ఇవ్వలేకపోతే భత్యం కట్టివ్వాలని చట్టంలో ఉంది కాబట్టి జిల్లా ఫిర్యాదుల అధికారికి రాశాం. చూడాలి.

మన బాకీ సంగతి

అడగడమే కాదు, ఇవ్వాల్సింది కూడా ఉంది. 1976లో రాజ్యాంగంలో పది ప్రాథమిక విధులు చేర్చారు. 2002లో పదకొండోది వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ బిడ్డను చదివించడం తల్లిదండ్రుల విధి అని. అబ్బాయిని ప్రైవేటు బడికి పంపి, అమ్మాయిని ఇంట్లో తమ్ముడి కాపలాకి ఉంచే ఇళ్ళు ఇప్పటికీ లేవంటారా? స్త్రీ గౌరవానికి భంగం కలిగించే ఆచారాలను వదిలేయాలన్నది ఇంకో విధి. కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. ఆ మాట పెళ్ళిచూపుల నాడు మనలో ఎందరికి గుర్తుంటుంది?

"మేం పన్నులు కట్టేవాళ్ళమా ఏమిటి?" అంటుంటారు కొందరు. సబ్బుబిళ్ళ కొన్నా, టూత్‌పేస్టు కొన్నా అందులో జి.ఎస్.టి. ఉంది. కాబట్టి కొట్టుకెళ్ళే ప్రతి ఇల్లాలూ పన్ను కడుతున్నట్టే. బిల్లు అడిగి తీసుకుంటే మనం కట్టిన పన్నుకి లెక్క ఉంటుంది.

ఇక ఓటు. ఓటుకి డబ్బు ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరాలే. ఓటు అమ్ముకున్నాక వీధిలో దీపం లేదని ఏ ముఖంతో అడుగుతాం?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు ఇదంతా చదివి రోడ్డు మీదికి రాలేదు. అక్షరాస్యత కార్యక్రమంలో అక్షరాలు దిద్దుకున్నారు, తమ కష్టం సారాలో కరిగిపోతోందని గుర్తించి ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్‌లో సారా, 1995 జనవరిలో మద్యం మొత్తం నిషేధమయ్యాయి. 1997లో మద్య నిషేధాన్ని సడలించారు. అందుకే ఒకసారి అడిగి ఊరుకుంటే చాలదు, అడుగుతూనే ఉండాలి.

ఈ నెల సరుకుల చీటీ రాసేటప్పుడు దాని వెనక ఈ నాలుగూ రాసుకోండి. ఓటర్ల జాబితాలో మన పేరుందా? పద్దెనిమిదేళ్ళు నిండిన అమ్మాయితో ఫారం 6 నింపించామా? రేషన్ కార్డులో పేర్లు సరిగ్గా ఉన్నాయా? పక్కింట్లో ఎవరికైనా రావాల్సింది ఆగిపోయిందా? మొదటి మూడూ ఒక పూట పని. నాలుగోదానికి మాత్రం నలుగురం కలిసి వెళ్ళాల్సి రావచ్చు. వెళ్దాం, ఏమంటారు?