విండోస్ నుంచి లినక్స్‌కు మారుతున్నారా? ముందు ఫైళ్ల సంగతి చూసుకోండి

స్కాలర్‌షిప్ దరఖాస్తుకు రేపే ఆఖరి తేదీ అనుకోండి. అమ్మాయి ఆదాయ ధ్రువపత్రం స్కాన్ చేసి కంప్యూటర్‌లోనే పెట్టారు, ఎక్కడో మాత్రం గుర్తులేదు. విజయనగరం జిల్లా గరివిడిలో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నా అవస్థ ఒక్కటే. కంప్యూటర్‌లో సిస్టమ్ మార్చాక ఈ అవస్థ ఇంకా పెరుగుతుంది.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కాస్త కొత్త ప్రాసెసర్ కావాలి. అవి లేని పాత డెస్క్‌టాప్‌ను పారేయడం ఇష్టంలేని వాళ్లు ఉచితంగా దొరికే లినక్స్ మింట్, ఉబుంటు వేసుకోవచ్చు. కానీ విండోస్‌లో అలవాటైన సాఫ్ట్‌వేర్ అన్నీ అందులో నడవవు.

ఉదాహరణకు, ఫైల్ పేరు టైప్ చేస్తుండగానే చూపించే 'ఎవ్రీథింగ్' విండోస్‌కే పరిమితం. అది విండోస్ డిస్క్‌లోని ఫైళ్ల పట్టికను నేరుగా చదువుతుంది, అందుకే అంత వేగం. మరి లినక్స్‌లో ఏం వాడాలి? మీరు దేన్ని బట్టి వెతుకుతారో ముందు తేల్చుకోండి.

పేరు గుర్తుంటే: 'ఎఫ్‌సెర్చ్' సరిపోతుంది. ఎవ్రీథింగ్ తరహాలోనే తయారైంది. మొదట ఏయే ఫోల్డర్లలో వెతకాలో సెట్టింగ్స్‌లో చెప్పాలి. కొత్త ఫైళ్లు కనిపించకపోతే దాని జాబితాను అప్‌డేట్ చేయాలి.

లోపలి మాటలే గుర్తుంటే: 'రీకాల్' వాడండి. పీడీఎఫ్, వర్డ్ ఫైళ్లలోని మాటలను కూడా వెతుకుతుంది. మొదటిసారి అన్నీ చదువుకోవడానికి సమయం పడుతుంది, రాత్రి వదిలేస్తే మంచిది. అయితే ఫొటోలా స్కాన్ చేసిన నికాహ్‌నామా, మార్కుల మెమో లోపలి అక్షరాలు మామూలుగా దానికి కనిపించవు. వాటికి పేరే దిక్కు.

మ్యాక్ తీసుకుంటే వెతకడానికి స్పాట్‌లైట్ అందులోనే ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. మన ఇళ్లలో అబ్బాజాన్ ఉర్దూలో, అమ్మ తెలుగులో, పిల్లలు ఇంగ్లీషులో ఫైళ్లకు పేర్లు పెడతారు. తెలుగులో 'ఆధార్' అని కొడితే ఇంగ్లీషు అక్షరాల్లో పేరున్న ఫైల్ రాదు. ఇంటిల్లిపాదీ ఒకే లిపి అనుకోండి. ఎవరిది, ఏ కాగితం, ఏ సంవత్సరం అన్న మూడూ పేరులో ఉంటే చాలు. వాట్సాప్‌లో వచ్చిన ఫైళ్లకు తేదీ, అంకెలతో ఉండే పేర్లను అప్పటికప్పుడే మార్చేయండి.

అన్నిటికన్నా ముఖ్యం: లినక్స్ వేసేటప్పుడు డిస్క్ మొత్తం చెరిపే ఆప్షన్ నొక్కితే పాత ఫైళ్లు పోతాయి. డి డ్రైవ్ కూడా అదే డిస్క్‌లో ఉంటే అదీ పోతుంది. ముందే అన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసుకోండి. షాపులో వేయిస్తున్నా ఈ పని మీరే చేసుకోండి. చెరిగిపోయిన ఫైల్‌ను ఏ సెర్చ్ సాఫ్ట్‌వేరూ వెతికి పెట్టలేదు.