లూసీ ఇంటిలో మరల కొన్ని సాయంకాలములు

1951 అక్టోబరు 15వ తేదీన అమెరికాలో సీబీఎస్ టెలివిజన్‌పై మొదలై, 1957 మే నెల వరకు సాగిన ‘ఐ లవ్ లూసీ’ అను కుటుంబ హాస్య ధారావాహికను నేడు డీవీడీలలోను బ్లూరేలలోను ఇంటనుండి మరల చూచువారిని మొట్టమొదట విస్మితులను జేయునది దాని చిత్రస్వచ్ఛత. ఏడు దశాబ్దములు గడచినను, ఆ నలుపు తెలుపుల బొమ్మలో లూసీ కనుబొమల కదలికయు, వంటయింటి గిన్నెల తళతళయు నిన్న తీసినట్లు కానవచ్చుచున్నవి.

దీనికి కారణము తెలిసికొనదగినది. ఆ కాలపు పెద్ద కార్యక్రమములు పెక్కు న్యూయార్కు నుండి ప్రత్యక్షముగా ప్రసారమగుచుండగా, పడమటి తీరమువారికి మాత్రము టెలివిజన్ తెరయెదుట కెమెరా నిలిపి తీసిన మసక ప్రతులే దక్కుచుండెను. నాయికా నాయకులును, నిజజీవితమున దంపతులును అయిన లూసిల్ బాల్, దేశీ అర్నాజ్ హాలీవుడ్డును విడిచి పోవ నొల్లరైరి. తూర్పువారికి మసక ప్రతులు చూపుటకు ప్రాయోజకులైన సిగరెట్టు వ్యాపారులు సమ్మతింపరైరి. అందుచే సినిమాకువలె 35 మిల్లీమీటర్ల ఫిల్ముమీదనే తీయుటకు నిశ్చయమై, పెరిగిన వ్యయమునకై ఆ దంపతులు తమ పారితోషికములో కొంత వదలుకొని, అందుకు ప్రతిగా ఆ ఫిల్ములపై హక్కును తమ దేశిలూ సంస్థకు సంపాదించుకొనిరి. ఒకసారి ప్రసారమైన కార్యక్రమమునకు మరల విలువ యుండునని తలచినవారు అరుదుగానున్న దినములలో చేసిన ఈ బేరము దూరదృష్టికి గొప్ప నిదర్శనము.

‘మెట్రోపోలిస్’ వంటి జర్మన్ మూకీ చిత్రములకు పనిచేసిన కార్ల్ ఫ్రాయిండ్ ఛాయాగ్రహణ భారము వహించెను. మూడు కెమెరాలు ఏకకాలమున తిరుగుచుండ, ఎదుట ప్రేక్షకులు కూర్చుండి నవ్వుచుండ, నాటకమువలె సాగు ఆ చిత్రీకరణలో ప్రతి కోణమునకును వేరువేరుగ దీపములు మార్చుట సాధ్యము కాదు గనుక, ఆయన వెలుగును పైనుండి రంగమంతటను సమముగా పరచెను. ఆ పద్ధతియే తరువాతి హాస్య ధారావాహికలకు రాజమార్గమైనది.

కథ చిన్నది. న్యూయార్కులో ఒక అద్దెవాటాలో క్యూబా దేశీయుడైన వాద్యబృంద నాయకుడు రికీ, రంగస్థల మెక్కవలెనను తీరని కోరికగల భార్య లూసీ, ఇంటి యజమానులైన ఫ్రెడ్, ఎథెల్. చాకొలెట్ల కర్మాగారపు భాగము జగద్విదితము. కదలుచున్న పట్టామీద వచ్చు మిఠాయిలకు కాగితము చుట్టలేక, స్త్రీ లిద్దరును వానిని నోటను, టోపీలలోను, రవికెలలోను కుక్కుకొందురు. పర్యవేక్షకురాలు వచ్చి, పట్టా ఖాళీగా నుండుట చూచి మెచ్చుకొని, వేగము పెంచుడని కేకవేయును. ఇంటివద్ద భర్తలు వంటకు దిగగా, రికీ కొలత తెలియక పోసిన బియ్యము పొంగి, అన్నము పొయ్యిమీదనుండి నేలకు పారును. అన్నము వండుకొను మనకు ఆ రెండవదియే మరింత నవ్వు పుట్టించును.

అయినను నా మనస్సును పట్టి నిలుపునది 1952 డిసెంబరులో ప్రసారమైన వేరొక భాగము. తాను గర్భవతి నన్న వార్త భర్తకు చెప్పబోయిన ప్రతిసారియు ఏదో అడ్డు వచ్చుటచే, లూసీ అతడు పాడు నైట్‌క్లబ్బునకు పోయి, పేరులేని చీటీ పంపును. ఇచట ఎవరో దంపతులకు బిడ్డ పుట్టబోవుచున్నదని చదివిన రికీ, ఆ దంపతులను వెదకుచు బల్లబల్లకును పాడుచు తిరిగి, చివరకు భార్యయెదుట నిలిచి, ఆమె తల యూపగా నిశ్చేష్టుడగును. నటులిద్దరి కన్నులును నిజముగానే చెమర్చినవి. లూసిల్ బాల్ అప్పుడు యథార్థముగా గర్భవతి. గర్భవతి అను మాటయే టెలివిజన్‌లో పలుకరాని దినములవి. ఆ భాగముల ప్రతులను ముగ్గురు మతాచార్యులకు చూపి యొప్పించుకొనవలసి వచ్చెను. 1953 జనవరి 19న కథలో బిడ్డ జన్మించిన నాడే ఆమెకు కుమారుడు కలిగెను. ఆ రాత్రి చూచినవారు సుమారు 4 కోట్ల 40 లక్షలమంది.

పునఃప్రసారములలో ప్రకటనలకై కత్తిరింపబడిన సన్నివేశములు డిస్కులలో తిరిగి చేరుటయు, భాగములన్నియు వరుసగా లభించుటయు సామాన్య లాభములు కావు. వరుసగా చూచినపుడే ఎథెల్ పాత్రధారిణి వివియన్ వాన్స్ ప్రజ్ఞ తెలియును. లూసీ పన్నాగము చెప్పుచున్నంతసేపు ఎథెల్ ముఖమును గమనింపుడు: మొదట శంక, పిమ్మట భయము, ఆ వెనుక తనకును అందులో పాలు కావలెనను ఉబలాటము, మాట లేకయే ఒకదానివెంట నొకటి తొంగిచూచును. ఈ పాత్రకే ఆమె ఎమ్మీ పురస్కారము నందుకొనెను.