నన్నయ్యగారి ఇష్టుడు

మా తణుకువాళ్లం నన్నయ్యగారిని మావాడే అంటాం. ఇక్కడ యజ్ఞం చేశారనీ చెప్పుకుంటాం. నాకు మాత్రం యజ్ఞం కంటే నారాయణభట్టు సంగతే ముద్దు. అర్జునుడికి కృష్ణుడిలా భారత రచనలో తనకు సాయపడిన ఈ పండితుణ్ణి నన్నయ్య అవతారికలో ‘ఇష్టుడు’, ‘సహాధ్యాయుడు’ అన్నారు. మిత్రుడనలేదు, చూశారా!

ఇష్టమైనవాడే స్నేహితుడన్న ఊహ స్లావ్ భాషల్లోనూ ఉంది. రష్యన్లు, బల్గేరియన్లు ‘ప్రియాతెల్’ అంటారు. మన సంస్కృత ‘ప్రియ’దీ దానిదీ ఒకే మూలం; ఇంగ్లీషు ‘ఫ్రెండ్’ కూడా ఆ వంశమే. అయితే రష్యాలో ప్రియాతెల్ అంటే మామూలు స్నేహితుడే. ప్రాణస్నేహితుడు ‘ద్రుగ్’. దాని చుట్టం ‘ద్రుగోయ్’కి అర్థం ‘మరొకరు’. అంటే జంటలో రెండోవాడు, మన ‘తోడు’ లాగే.

మన ‘నేస్తం’ స్నేహితం నుంచి వచ్చిందని బ్రౌన్ నిఘంటువు. స్నేహానికి సంస్కృతంలో నూనె, జిడ్డు అనే అర్థాలూ ఉన్నాయి. అతుక్కుంటే వదలదు మరి!

మళ్లీ నన్నయ్య దగ్గరికి వస్తే, ఆయన చేత భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకు నందంపూడి అగ్రహారం ఇచ్చాడు. ఆ దానశాసనం రచించింది నన్నయ్యే. ఇష్టుడికి ఊరొస్తుంటే దస్తావేజు ఇంకొకరి చేత రాయిస్తారా?