లెక్కలు చూడడానికి వచ్చినవాళ్ళము



ఊళ్ళోకి ప్రభుత్వ జీపు వస్తే జనం తలా ఒక రకంగా అనుకుంటారు. కొందరు రేషను కార్డుల వాళ్ళనుకుంటారు. కొందరు బ్యాంకు అప్పు వసూలు వాళ్ళనుకుని తలుపు దగ్గరకు వేస్తారు. మరికొందరు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల వాళ్ళనుకుని పెరటి దారిన పొలానికి వెళ్ళిపోతారు. మేము వీరెవరమూ కాదు. ప్రభుత్వం పెట్టిన ఆరోగ్య, సంక్షేమ పథకాలు నిజంగా జనానికి అందుతున్నాయా, అందితే మేలు జరిగిందా అని చూసి రాసే ఉద్యోగం మాది. ఆఫీసు కాగితాల్లో దానిని మూల్యాంకనం అంటారు. ఊళ్ళలో మాత్రం మమ్మల్ని "లెక్కలోళ్ళు" అనేవారు. ఇద్దరు పోషకాహార నిపుణులు, ఒక గణాంక సహాయకుడు, ఒక సామాజిక కార్యకర్త, ఒక డ్రైవరు, ఇంతే మా జట్టు. డ్రైవరును కూడా ఎందుకు కలుపుతున్నామంటే, ఊరి అసలు సంగతులు టీ కొట్టు దగ్గర ముందుగా ఆయన చెవినే పడేవి.

ఇప్పుడు మాలో అందరమూ రిటైరయ్యాము. ఆసుపత్రికి వచ్చే రోగిని చూసేవారికి, ఆసుపత్రి దాకా రాని రోగిని లెక్కపెట్టడం ఎలాగో తెలిస్తే బాగుంటుందని ఈ పత్రిక వారు అడిగితే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఈ పని కొత్తది కాదు. 1952 అక్టోబరు 2న దేశంలో సమాజాభివృద్ధి పథకం మొదలైంది. దాని ఫలితాలు చూడడానికి అదే సంవత్సరం ప్రణాళికా సంఘం క్రింద ఒక మూల్యాంకన సంస్థను పెట్టారు. పథకాన్ని నడిపేవారే దాని ఫలితాన్ని కొలిస్తే అది సొంత పిల్లల పరీక్ష పేపరు దిద్దుకున్నట్లు ఉంటుందని ఆనాటి పెద్దలకు తెలుసు. ఆ సంస్థ 2015లో నీతి ఆయోగ్ క్రింద వేరే పేరుతో ఏర్పడిన కార్యాలయంలో కలిసిపోయింది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం వారు కూడా దశాబ్దాల పాటు ఇంటింటికీ వెళ్ళి, నిన్న ఏమి వండారు, ఎంత వండారు, ఎవరు ఎంత తిన్నారు అని అడిగి కొలిచారు. ఇంటి ఇల్లాలిని "మీరు ఎంత తిన్నారమ్మా?" అంటే "ఏదో, మిగిలింది తిన్నాను" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. ఆ మిగిలినది ఎంతో గిన్నెలు ముందు పెట్టి తేల్చాలి. విసుగు పుట్టించే పనే. అయినా ఆ విసుగులోనే నిజం దొరుకుతుంది.

టీకాల లెక్క ఎలా తీస్తామో చెబుతాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ నేర్పిన పాత పద్ధతి ఒకటున్నది. జిల్లాలోని ఊళ్ళన్నీ జనాభాతో సహా వరుసగా రాసుకుని, చీటీ తీసినట్లు 30 ఊళ్ళను ఎంచుతాము. పెద్ద ఊరికి అవకాశం ఎక్కువ, చిన్న ఊరికి తక్కువ. ప్రతి ఊళ్ళోనూ 12 నుండి 23 నెలల వయసున్న పిల్లలు 7 గురు కావాలి. మొత్తం 210 మంది. ఊరి మధ్య నిలబడి ఏ వీధికి వెళ్ళాలో చీటీతో తేల్చుకుని, ఆ వీధిలో ఒక ఇంటి నుండి మొదలుపెట్టి, పక్కిల్లు, ఆ పక్కిల్లు అలా వెళతాము. కార్డు ఉంటే కార్డు చూస్తాము. లేకపోతే తల్లిని అడుగుతాము, ఎడమ భుజం మీద బి.సి.జి. మచ్చ ఉన్నదేమో చూస్తాము.

ఇందులో కష్టమంతా ఊళ్ళను ఎంచే దగ్గరే. "సార్, ఆ ఊరికి దారి బాగుండదు, ఈ ఊరు చూడండి, రోడ్డు పక్కనే" అని స్థానిక అధికారులు ఎంతో మర్యాదగా చెప్పేవారు. దారి బాగుండని ఊరికి నర్సమ్మ కూడా వెళ్ళలేదేమో అన్నదే కదా మా ప్రశ్న! అందుకని చీటీలో వచ్చిన ఊరికి నడిచి అయినా వెళ్ళేవాళ్ళము. కొన్ని సబ్‌సెంటర్లలో నూటికి నూట పది మందికి టీకాలు వేసినట్లు రిపోర్టులు కనిపించేవి. అది అబద్ధమే అయి ఉండాలని లేదు. పుట్టింటికి కాన్పుకు వచ్చిన వారి పిల్లలకు కూడా వేసి ఉంటారు, ఊరి జనాభా లెక్క పాతది అయి ఉంటుంది. భాగహారంలో క్రింది అంకె తప్పైతే పైఅంకె ఎంత నిజమైనా ఫలితం తప్పే.

పిల్లల వయసు తేల్చడం మరొక పని. "రెండేళ్ళుంటాయయ్యా" అంటారు. సంక్రాంతికి ముందా వెనకా, తుఫానుకు నెల పిల్లా కడుపులో ఉన్నదా అని అడిగితే నెల దాకా తేలుతుంది. రెండేళ్ళు నిండని బిడ్డను పడుకోబెట్టి పొడవు కొలవాలి, నిండితే నిలబెట్టి కొలవాలి. రెండింటికీ మధ్య సుమారు 0.7 సెంటీమీటరు తేడా వస్తుంది. ఇంత చిన్న తేడాకు ఇంత పట్టింపా అని కొత్తగా చేరినవారు నవ్వేవారు. వేలమంది పిల్లల మీద ఆ చిన్న తేడా ఒకవైపే పడితే ఒక జిల్లా పిల్లలంతా ఒక్కసారిగా ఎదిగినట్లో, కుంచించుకుపోయినట్లో కనబడతారు.

కుష్ఠు వ్యాధి గూర్చి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేము. 1983లో జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం, దానితో పాటు బహుళ ఔషధ చికిత్స మొదలయ్యాయి. ఆ మందులతో లక్షలాది మందికి నయమైంది, ఇందులో సందేహం లేదు. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద 10,000 మందికి ఒక్క రోగి కంటే తక్కువ అనే స్థాయికి చేరాము. అయితే ఇంటింటికీ తిరిగి వెతకడం తగ్గి, రోగి తనంతట తానే రావాలన్న పద్ధతి వచ్చాక, కొత్త కేసులు తగ్గడం అనే అంకెకు రెండు అర్థాలు వచ్చాయి. వ్యాధి తగ్గి ఉండవచ్చు, వెతికేవారు తగ్గి ఉండవచ్చు. 2016లో మళ్ళీ ఇంటింటి గాలింపు మొదలుపెడితే వేలాదిగా కొత్త కేసులు బయటపడ్డాయి. అందుకే ఎంతమంది దొరికారు అని అడగడంతో ఆపకూడదు, దొరికినవారిలో ఎంతమందికి అప్పటికే వేళ్ళు వంకరపోయాయి, వారిలో పిల్లలెందరు అని అడగాలి. మొదటి దానిని బట్టి ఎంత ఆలస్యంగా కనుక్కున్నామో తెలుస్తుంది. రెండవ దానిని బట్టి వ్యాధి ఇంకా ఊళ్ళో అంటుకుంటూనే ఉన్నదని తెలుస్తుంది.

ఇక మేము ఇన్నేళ్ళూ మోస్తున్న సంగతికి వస్తాము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో పిల్లల పెరుగుదలకు కొత్త ప్రమాణాలు ప్రకటించింది. 2008లో మన దేశం వాటిని అంగన్‌వాడీలకు తీసుకున్నది. ఆకుపచ్చ పట్టీలో ఉంటే మామూలు, పసుపు అయితే బరువు తక్కువ, నారింజ అయితే మరీ తక్కువ. పాత లెక్కలో "తీవ్రం" కాని పిల్లలు కొందరు కొత్త గీతల ప్రకారం తీవ్రంలోకి వచ్చారు. పిల్లలు అలాగే ఉన్నారు, కొలబద్ద మారింది. దాంతో చాలాచోట్ల కంగారు పుట్టింది. అంకెలు పెరిగితే మెమోలు వస్తాయని క్రింది ఉద్యోగుల భయం.

ఆ రోజుల్లో, ఉమ్మడి రాష్ట్రంలోని ఒక మెట్ట మండలంలో ఒక అంగన్‌వాడీ కేంద్రానికి వెళ్ళాము. చెరువు గట్టు క్రింద అద్దె గది. టీచరు ముత్యాల్లాంటి అక్షరాలతో రిజిష్టరు రాసింది. పిల్లలందరూ ఆకుపచ్చలోనే ఉన్నారు. మేము ఆ దూలానికి వేలాడుతున్న స్ప్రింగు కాటా చూశాము. ఖాళీ ఉయ్యాలకే ముల్లు కిలోన్నర చూపిస్తున్నది.

"ఏడాది నుంచి ఇట్లాగే ఉంది మేడం," అన్నది ఆమె మెల్లగా. "మీటింగులో చెప్పాను, రాసి కూడా ఇచ్చాను. నెలాఖరుకు బరువుల రిపోర్టు లేకపోతే జీతం ఆపేస్తామన్నారు. అందుకని పోయిన నెల బరువుకు కాస్త కలిపి వేస్తున్నాను. మీరు ఇది రాయకండమ్మా."

మేము మా కాటా వేలాడదీసి, రోజూ చేసినట్లే తెలిసిన బరువు ఒకటి తగిలించి సరిచూసుకుని, పిల్లలను తూచాము. సగం మంది పసుపులో ఉన్నారు. చివరగా ఒక నాయనమ్మ రెండేళ్ళ పిల్లను చంకనేసుకుని వచ్చింది. తల్లిదండ్రులు పనులకు హైదరాబాదు వెళ్ళారట. పిల్ల బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. "ఈ మధ్య కాస్త ఒళ్ళు చేసిందయ్యా," అన్నది ముసలమ్మ సంతోషంగా. కాటా మీద పిల్ల పసుపులో ఉన్నది, నారింజలో లేదు. మాలో ఒకరు ఆ రెండు పాదాల మీద బొటనవేళ్ళతో కాసేపు నొక్కి తీశారు. రెండు గుంటలు అలాగే నిలిచిపోయాయి. ఆ బరువు కండ కాదు, నీరు. రెండు పాదాలకూ అలా నీరు పడితే బరువు ఎంతున్నా అది తీవ్రమైన పోషకాహార లోపమే.

మా నియమం ప్రకారం మేము చూసేవాళ్ళమే గాని వేలు పెట్టేవాళ్ళము కాదు. కొలిచేవాడే మార్చేస్తే కొలత చెడిపోతుంది. ఆ రోజు దాని మీద మాలో మాకు వాదన జరిగింది, అయిదు నిమిషాల కంటే ఎక్కువ కాదు. అప్పటికే డ్రైవరు జీపు తిప్పి పెట్టాడు. మేకలను ఎవరు చూస్తారని ముసలమ్మ ఏడిస్తే పక్కింటివారు ఒప్పుకున్నారు. పిల్లను ఆసుపత్రిలో చేర్చాము. వారం తరువాత వెళితే ముసలమ్మ మా మీద కోపంగా ఉన్నది. "ఇక్కడికొచ్చాక పిల్ల చిక్కిపోయింది!" అన్నది. నీరు దిగేటప్పుడు ముందు బరువు తగ్గుతుందని, తరువాతే అసలు కండ పడుతుందని నర్సులు ఆమెకు రోజూ చెప్పవలసి వచ్చింది. పిల్ల బ్రతికింది.

టీచరు సంగతి అలా జరగలేదు. మేము నివేదికలో ఊరి పేరు రాయలేదు. రిజిష్టరు బరువులు, మా బరువులు పక్కపక్కన పట్టికలో వేశాము. కాటా పాడై ఉన్నదన్న సంగతి రాశాము, కాని అనుబంధంలో, చివరి పేజీల్లో రాశాము. పైకి వెళ్ళిన రెండు పేజీల సారాంశంలో "కార్యకర్తలు తప్పుడు బరువులు నమోదు చేయుచున్నారు" అన్న ఒక్క వాక్యమే మిగిలింది. ఆ సారాంశం రాసింది వేరెవరో కాదు, మేమే. చెరువు గట్టు క్రింద అద్దె గదిలో నడిచే కేంద్రం ఆ మండలంలో ఒక్కటే. గది వర్ణన మా నివేదికలో ఉన్నది. పేరు రాయకపోతే గుట్టు దాగుతుందని మేము అనుకున్నాము. ఆమెకు మెమో వచ్చింది, గౌరవ వేతనం ఆగిపోయింది. ఈ కబురు కూడా మాకు డ్రైవరు ద్వారానే తెలిసింది.

కాటా గూర్చి పై అధికారులకు ఉత్తరం రాశాము. కొన్ని నెలలకు జీతం మళ్ళీ మొదలైందట, ఆగిన డబ్బులో కొంతే చేతికి వచ్చిందట.

తరువాతి విడత సర్వేకు మా ఫారం మార్చుకున్నాము. పిల్లల పేర్లకు ముందే, మొదటి పేజీలో మూడు ప్రశ్నలు చేర్చాము: ఖాళీ కాటా ముల్లు ఎక్కడ ఉన్నది? పాడైతే ఎప్పుడు తెలియజేశారు? ఎవరికి తెలియజేశారు? ఆ కేంద్రం మళ్ళీ చీటీలో రాలేదు. అయినా ఆ దారిన పోతూ ఆగాము. ఆమె కుర్చీలు వేసింది, మంచినీళ్ళిచ్చింది, ఎక్కువ మాట్లాడలేదు. కొత్త ఫారం చూపించి, ఈ ప్రశ్నలు సరిగా ఉన్నాయా అమ్మా అని అడిగాము. ఆమె చదివి, లోపలికి వెళ్ళి, ట్రంకు పెట్టె అడుగు నుంచి మడత పెట్టిన కాగితం ఒకటి తెచ్చి మా ముందు పెట్టింది. కాటా బాగుచేయించమని తాను రాసిచ్చిన దరఖాస్తు నకలు అది. పైన తేదీ, క్రింద పుచ్చుకున్నవారి పొడి సంతకం ఉన్నాయి.

"ఆ రోజు కూడా ఇది ఇక్కడే ఉంది మేడం," అన్నది. "మీరు అడగలేదు."