శనివారం సాయంత్రం... బళ్లారి బజారు!
ఉగ్గాని ఘుమఘుమల మధ్య రెండు భాషల బేరం

బళ్లారి: శనివారం వచ్చిందంటే ఇక్కడి చాలా తెలుగిళ్లలో రాత్రికి ఎసరు పెట్టరు. వెంకటేశ్వరస్వామి పేరనో, ఆంజనేయుడి పేరనో ఒక్కపొద్దు. పగలు అన్నం, రాత్రికి పలారం. ఆ పలారం సాకుతోనే సాయంత్రం ఇంటిల్లిపాదీ బజారుకు బయలుదేరతారు. 2015 నుంచి రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు కావడంతో ఆ ఉద్యోగుల ఇళ్లలో ఈ సరదా ఇంకాస్త ముందే మొదలవుతోంది. కొనేది పెద్దగా ఏమీ ఉండదు. తిరగడమే పని!

పేరు రెండు... పళ్లెం ఒకటి

మూకుట్లో మిరపకాయ బజ్జీలు తేలుతుంటే ఎంత తొందరలో ఉన్నవాడైనా బండి ఆపాల్సిందే. బొరుగులు నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పసుపు వేసిన తిరగవాతలో కలిపి, పైన పుట్నాల పొడి చల్లి నిమ్మకాయ పిండితే ఉగ్గాని తయారు. ఆదోని, గుంతకల్లు, అనంతపురం వాళ్లకు ఇది ఉగ్గాని. పక్క బల్ల దగ్గర కన్నడిగులు ఒగ్గరణె అని అడుగుతారు. కన్నడంలో ఆ మాటకు తిరగవాత అనే అర్థమూ ఉంది. మన గుంతపొంగనాలు వాళ్లకు పడ్డు. ఓళిగ దగ్గరకొచ్చేసరికి ఇద్దరి మాటా ఇంచుమించు ఒకటే.

ఒక్కపొద్దు నిష్ఠగా ఉండేవాళ్లు మాత్రం 'ఉల్లిపాయ వద్దప్పా' అని ముందే చెప్పేస్తారు. చిత్రమేమంటే తమిళనాట పెద్ద ఉల్లిపాయకు ఈ ఊరి పేరే! అక్కడి కూరగాయల అంగట్లో 'బళ్లారి ఒక కిలో' అంటే ఉల్లిపాయలు తూచి ఇస్తారు.

గీత అవతల బంధువులు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజే బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్లాయి. అన్నదమ్ముల్లో ఒకరు ఇటు, ఒకరు అటు అయిన ఇళ్లు ఎన్నో. గుంతకల్లు నుంచి రైలెక్కితే యాభై కిలోమీటర్లే. అందుకే ఇప్పటికీ పెళ్లి బట్టలకనీ, సరుకులకనీ గీత అవతలి బంధువులు వస్తూనే ఉంటారు. వచ్చినవాళ్లను ముందుగా బెంగళూరు రోడ్డుకు తీసుకెళ్లడం ఇక్కడి మర్యాద. బట్టల కొట్లు, స్టీలు సామాన్ల కొట్లు, గాజుల అంగళ్లు చూస్తూ నడిస్తే పూట ఇట్టే గడిచిపోతుంది.

ఈ ఊరి తెలుగుకు గట్టి వారసత్వమే ఉంది. ఆంధ్ర నాటక పితామహుడుగా పేరొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభను నడిపింది ఇక్కడే. కోలాచలం శ్రీనివాసరావు చారిత్రక నాటకాలు రాసిందీ ఇక్కడే. వకీలుగా పనిచేస్తూనే రంగస్థలాన్ని ఏలిన బళ్లారి రాఘవ (1880-1946) ఊరి పేరునే ఇంటిపేరు చేసుకున్నారు. ఆయన పేరుతో ఉన్న రాఘవ కళామందిరం నేటికీ ఊరికి గుర్తు.

సందు సందునా కుట్టుమిషన్లు

కౌల్‌బజారు వైపు తిరిగితే చప్పుడు మారుతుంది. జీన్సు ప్యాంట్లకు బళ్లారి పెట్టింది పేరు. ఒకచోట గుడ్డ కత్తిరిస్తే, ఇంకోచోట కుడతారు. కాజాలు, గుండీలు మరొకరి పని. ఆ పైన ఉతికి రంగు తేల్చడానికి వేరే యూనిట్లు. దుకాణంలో వేలాడే ఒక్క ప్యాంటు వెనక ఇన్ని చేతులుంటాయి. ఆ చేతుల్లో తెలుగు, కన్నడ, ఉర్దూ మాట్లాడేవాళ్లంతా ఉన్నారు. ఇంట్లో కూర్చుని ఫోన్లో ప్యాంటు తెప్పించుకునేవాడికి ఈ సంగతి తెలిసే దారే లేదు.

బోర్డు చదవొచ్చు... లెక్క చెప్పొచ్చా?

కర్ణాటకలో 2024లో వచ్చిన సవరణ చట్టం ప్రకారం దుకాణాల బోర్డుల్లో 60 శాతం కన్నడం ఉండాలి. తెలుగువాడికి అదేం ఇబ్బంది కాదు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లే కాబట్టి తడుముకుంటూనైనా చదివేస్తాడు. అసలు చిక్కు బోర్డు కింద ఉంది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన వచ్చినవాళ్ల వాలకం చూసి తెలుగో, కన్నడమో ఎంచుకుంటాడు. 'అరవై అయిదు రూపాయలు' అంటే బళ్లో ఇంగ్లిషు లెక్కలు నేర్చిన పిల్లాడు 'సిక్స్‌టీ ఫైవా?' అని తిరిగి అడుగుతాడు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు కూడా డెబ్బై ఏదో, తొంభై ఏదో తెలియడం లేదు. బడిలో కన్నడమో, ఇంగ్లిషో తప్పదు. మరి తెలుగులో లెక్క నేర్చుకునేదెక్కడ?

కొట్లోనే! ధర అడగాలి, ఎక్కువన్నప్పుడు తగ్గించమనాలి, చిల్లర సరిచూసుకోవాలి. సామాన్లను మిషనుకు చూపించి డబ్బు కట్టే పెద్ద అంగట్లో నోరు తెరవాల్సిన పనే లేదు. అక్కడ ఏ భాషా నిలవదు, తెలుగైనా కన్నడమైనా.

కాబట్టి ఈ శనివారం పిల్లల చేతికి వంద రూపాయలిచ్చి బజ్జీల బండి దగ్గరకు పంపండి. ఎన్ని కావాలో తెలుగులో అడగమనండి. మిగిలిన చిల్లర ఎంతో తెలుగులోనే చెప్పమనండి. తప్పు చెబితే తిట్టొద్దు. ఇంకో బజ్జీ పెట్టించి మళ్లీ లెక్కపెట్టించండి!